పులి జామీను అడగలేదు

పెదనాన్న పోయిన పద్నాలుగో రోజు మధ్యాహ్నం అన్నయ్య ఊళ్లోకి వచ్చాడు. అప్పటికి పెద్దకర్మ కూడా అయిపోయింది. వంటకి తెచ్చిన గిన్నెలు అద్దె షాపుకి తిరిగి వెళ్లిపోయాయి. వాకిట్లో షామియానా గుంజలు పీకేసిన గుంటలు మాత్రం మిగిలాయి. అన్నయ్య బస్సు దిగి, సంచీ చంకన పెట్టుకుని, ఎవరినీ పలకరించకుండా నేరుగా పెరట్లోకి వెళ్లి నూతి దగ్గర తలమీద రెండు చేదల నీళ్లు పోసుకున్నాడు. తర్వాత నా దగ్గరికొచ్చి ఒక్కటే అడిగాడు.

"తలకొరివి ఎవరు పెట్టార్రా?"

నేనే పెట్టాను. ఆయన జేబులో తడిసిపోయిన ఉత్తర్వు కాయితంలో పెరోల్ ఎందుకిచ్చారో టైపు చేసి ఉంది: తండ్రి అంత్యక్రియల నిమిత్తం.

ఇది 2017 సంగతి. అన్నయ్య మా పెదనాన్న కొడుకు. 2009 వానాకాలంలో కాలవ నీళ్ల వంతు దగ్గర మాటామాటా పెరిగి, చేతిలో ఉన్న పారతో ఎదుటి మనిషిని కొట్టాడు. ఆసుపత్రికి చేరేలోపే ఆయన పోయాడు. పోయినాయనా మాకు పరాయివాడు కాదు, బాబాయి వరస. 2011లో అన్నయ్యకి జీవిత ఖైదు పడింది. ఆ శిక్ష తప్పని నేను ఏనాడూ అనలేదు, ఇక్కడా అనబోవడం లేదు. శిక్ష మధ్యలో మనిషిని కొన్నాళ్లు ఇంటికి పంపే పద్ధతి ఒకటుందే పెరోల్ అని, నా గోలంతా దాని గురించి. అన్నయ్యకి జామీను పడ్డ ఇద్దరిలో నేనొకణ్ణి. అందుకే దాన్ని దగ్గరనుంచి చూశాను.

పెరోల్ అనేది ఫ్రెంచి నుంచి వచ్చిన పదం. ఆ భాషలో దానర్థం 'మాట'. తిరిగొస్తానని మాటిస్తే వదలడమన్నమాట. ఆలోచిస్తే మనకిదేం కొత్త కాదు. చిన్నప్పుడు అందరం విన్న ఆవు, పులి కథ ఇదే కదా. దూడకి పాలిచ్చి వస్తానంది ఆవు, సరే పొమ్మంది పులి. ఇద్దరు జామీనుదార్లను తెమ్మనలేదు, పట్టాదారు పాసుపుస్తకం జిరాక్సు అడగలేదు, ఆవు వస్తే మందలో అల్లర్లు జరుగుతాయా అని రిపోర్టు తెప్పించుకోలేదు. కథ కాబట్టి చెల్లింది అంటారా, ఒప్పుకుంటా. ప్రభుత్వం అన్నాక వట్టి మాట మీద నడవలేదు. కానీ మనం కట్టుకున్న పద్ధతిలో చిత్రమేమిటంటే, అసలు మాటిచ్చిన మనిషి ఎలాంటివాడన్నది చివరాఖర్న వచ్చే సంగతి. అతని గురించి బయటివాళ్లు ఏం రాశారన్నదే ముందు.

అర్జీ నడిచే దారి చూడండి. ఖైదీ గానీ ఇంటివాళ్లు గానీ జైలు సూపరింటెండెంట్‌కి అర్జీ పెట్టుకోవాలి. జైలువాళ్లు అతని నడవడి, చేస్తున్న పని, గడిచిన శిక్ష రాసి పైకి పంపుతారు. అది పోలీసు విచారణకని జిల్లా ఎస్పీ ఆఫీసుకి, అక్కణ్ణించి కిందికి దిగి దిగి మండలంలో స్టేషన్‌కి చేరుతుంది. స్టేషన్ రాసిన రిపోర్టు మళ్లీ అవే మెట్లెక్కి వెళ్లాలి. ఆరేళ్లపాటు మనిషిని రోజూ పొద్దునా సాయంత్రం లెక్కపెట్టి చూసిన జైలువాళ్ల మాటకంటే, ఆ ఆరేళ్లలో అతని మొహం చూడని స్టేషన్ మాటకే విలువెక్కువ. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఇదే.

పెదనాన్నకి పక్షవాతం వచ్చినప్పుడు మొదటి అర్జీ పెట్టాం. నాలుగు నెలలు తిరిగాక తిరస్కరించారని కబురొచ్చింది. కారణం ఒకే ఒక్క వాక్యం. "సదరు ఖైదీ గ్రామమునకు వచ్చినచో శాంతిభద్రతలకు విఘాతము కలుగు అవకాశము కలదు." ఇది రాయడానికి ఊళ్లోకి ఎవరూ రాలేదు. మమ్మల్ని అడగలేదు, చనిపోయినాయన ఇంటివాళ్లని అసలే అడగలేదు. పెదనాన్న పోయాక రెండో అర్జీ. ఈసారి మా మేనమామ తనకి తెలిసిన ఒక నాయకుడి చేత ఫోన్ చేయించాడు. రెండు రోజుల్లో రిపోర్టు మారింది: "అభ్యంతరము లేదు." అదే ఊరు, అదే మనుషులు, అవే పగలు. శాంతిభద్రతలు మాత్రం ఒక్క ఫోన్‌కాల్‌తో కుదుటపడ్డాయి.

ఆ తర్వాత జామీను. ఇద్దరు కావాలన్నారు, ఇద్దరికీ ఆస్తి ఉండాలన్నారు, ఆ ఆస్తికి తాశిల్దారు ఆఫీసు నుంచి సాల్వెన్సీ సర్టిఫికెట్ కావాలన్నారు. అక్కడి గుమాస్తా నా పాసుపుస్తకం తిరగేస్తూ "మీకెందుకండీ ఈ తలనొప్పి, పారిపోతే మీ మెడకి చుట్టుకుంటుంది" అన్నాడు. మంచికే అన్నాడు, తప్పుపట్టను. నాకు ఎకరంన్నర ఉంది కాబట్టి అన్నయ్య ఇంటికొచ్చాడు. అన్నయ్యతో పాటు అదే బ్యారక్‌లో ఉన్న కూలి మనిషికి నాలాంటి తమ్ముడు లేడు. అతని తరఫున నిలబడగలిగిన వాళ్లెవరికీ సెంటు భూమి లేదు. తన తల్లి పోయినప్పుడు అతను జైల్లోనే గుండు గీయించుకున్నాడట. భూమి ఉన్నవాడి మాట నిలుస్తుంది, లేనివాడి మాట నిలవదు అని నిబంధన ఎక్కడా రాసి ఉండదు. జరిగేది మాత్రం అదే.

తల్లి అంటే గుర్తొచ్చింది. అమలాపురం మనిషి ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా సంగతి మనలో చాలామందికి తెలుసు. చిన్నప్పుడే పోలియోతో కాళ్లు చచ్చుబడి చక్రాల కుర్చీకే పరిమితమైన మనిషి, మావోయిస్టులతో సంబంధాలున్నాయన్న కేసులో నాగ్‌పూర్ జైల్లో ఉన్నాడు. హైదరాబాద్‌లో తల్లి క్యాన్సర్‌తో ఆఖరి రోజుల్లో ఉంటే చూడ్డానికి పంపలేదు. 2020 ఆగస్టు 1న ఆమె పోయింది. కర్మకాండలకీ పంపలేదు. 2024 మార్చిలో బొంబాయి హైకోర్టు ఆయన్ని నిర్దోషి అంది. అదే ఏడాది అక్టోబరులో ఆయనా పోయాడు. ఆయన రాజకీయాలు మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. లేచి నిలబడలేని మనిషి తల్లి మంచం దగ్గరికి వెళ్తే పారిపోతాడని ఎవరైనా నిజంగా నమ్మారంటే నేను నమ్మను.

ఇక రెండోవైపు చూడండి. హర్యానాలో డేరా సచ్చా సౌదా అధిపతి గుర్మీత్ రామ్ రహీమ్‌కి 2017లో అత్యాచారం కేసుల్లో 20 ఏళ్ల శిక్ష పడింది. ఆయన ఎన్నిసార్లు బయటికొచ్చాడో లెక్కపెట్టడం పేపర్లవాళ్లకి ఒక ఆనవాయితీ అయిపోయింది. 2024 అక్టోబరులో హర్యానా ఎన్నికలకి ముందు 20 రోజులు, 2025 జనవరిలో ఢిల్లీ ఎన్నికలకి ముందు 30 రోజులు. అడిగితే చట్టప్రకారమే ఇచ్చామంటుంది ప్రభుత్వం. నిజమే, 2022లో ఆ రాష్ట్రం తెచ్చుకున్న చట్టంలో ఏడాదికి పది వారాల పెరోల్, మూడు వారాల ఫర్లో (సత్ప్రవర్తనకిచ్చే సెలవు) ఉన్నాయి. నిజానికి ఆ చట్టం మన నిబంధనలకంటే ఉదారంగా ఉంది, దాన్ని నేను తిట్టను. ఆయన ఫైలు కదిలినంత చురుగ్గా అదే జైల్లో పక్క గదిలో ఉన్నవాడి ఫైలూ కదులుతోందా అన్నదొక్కటే నా ప్రశ్న. 2009లో ఇదే ప్రశ్న ఢిల్లీ హైకోర్టుకీ వచ్చింది. జెస్సికా లాల్ హత్యకేసులో జీవిత ఖైదు పడ్డ మాజీ కేంద్రమంత్రి కొడుకు మను శర్మ, తల్లికి ఒంట్లో బాగాలేదని పెరోల్ మీద వచ్చి నైట్‌క్లబ్బులో కనిపించినప్పుడు, మిగతా ఖైదీల అర్జీలు అలాగే పడి ఉంటే ఇతనిదొక్కటీ అంత తొందరగా ఎలా తేలిందని కోర్టు నిలదీసింది.

ఇలాంటివి బయటపడ్డప్పుడల్లా జనం "పెరోలే తీసేయండి" అంటారు. టీవీ వాళ్లు మరీను. కానీ దెబ్బ పడేది ఎవరి మీద? 2023 జనవరిలో గోవాకి చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది. ముందస్తు విడుదలకి 14 ఏళ్ల అసలు శిక్ష లెక్కేసేటప్పుడు పెరోల్ మీద బయట ఉన్న రోజులు కలపకూడదంది. కలిపితే పలుకుబడి ఉన్నవాళ్లు మాటిమాటికీ పెరోల్ తీసుకుని శిక్షని నామమాత్రం చేసేస్తారన్నది కోర్టు చెప్పిన కారణాల్లో ఒకటి. కారణం అర్థమైంది. కానీ పలుకుబడి ఉన్నవాడు చేసే దుర్వినియోగానికి పలుకుబడి లేనివాడి రోజులు కోయడం ఏం న్యాయం? మన దగ్గర అయితే 1981 నాటి నిబంధనల పేరులోనే ఉంది, పెరోల్ అంటే శిక్షని సస్పెండ్ చేయడమని. గడియారం ఆగిపోతుంది, నువ్వు తిరిగి లోపలికి అడుగుపెట్టాక మళ్లీ నడుస్తుంది. ఫర్లోకి ఈ బాధ లేదు, అది శిక్షలో భాగంగానే లెక్క. తండ్రి పోయాడని వస్తే రోజులు పోతాయి, సత్ప్రవర్తనకి సెలవిస్తే పోవు. దుఃఖానికి పన్ను కట్టినట్టుంది.

పైన ప్రభుత్వం నుంచి మంచి మాటలు రాలేదని కాదు. జైళ్లు రాష్ట్రాల అధికారంలోవి. 1894 నాటి బ్రిటిష్ చట్టం స్థానంలో తెచ్చుకొమ్మని కేంద్రం 2023లో ఒక నమూనా చట్టం రాసి రాష్ట్రాలకి పంపింది. పెరోల్, ఫర్లో అందులో ఉన్నాయి. కాలికి ట్రాకర్ తొడుక్కోవడానికి ఒప్పుకుంటే సెలవివ్వొచ్చన్న ఏర్పాటూ ఉంది. సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది, నడవడి బాగున్న ఖైదీ కూడా కొన్నాళ్లు బయటిగాలి పీల్చాలని, కుటుంబంతో తెగిపోకూడదని. మళ్లీ అదే కోర్టు 2021లో ఫర్లో అనేది అడిగి తీరాల్సిన హక్కేమీ కాదనీ అంది. కింద స్టేషన్‌లో రిపోర్టు రాసే హెడ్ కానిస్టేబుల్‌కి మొదటి తీర్పు చేరలేదు గానీ రెండోది బాగానే చేరినట్టుంది.

నేనైతే ముందు గడువు దగ్గర మొదలుపెడతాను. ఇంట్లో చావంటే అది ఒక పగలు, ఒక రాత్రిలో తేలాలి. సూపరింటెండెంటే నిర్ణయం తీసుకోవాలి, అనుమానముంటే ఎస్కార్ట్ ఇచ్చి పంపాలి. శవం ఉత్తర్వు కోసం ఆగదు. మిగతా అర్జీలకి నెల చాలు. పదిహేను రోజుల్లో స్టేషన్ రిపోర్టు రాకపోతే అభ్యంతరం లేనట్టే అనుకుని ముందుకు పోవాలి. అభ్యంతరం ఉందంటారా, ఎవరు ఎవర్ని బెదిరించారు, ఎప్పుడు, ఎవరు చెప్పారు, విచారణకి ఏ తేదీన ఊళ్లోకి వెళ్లారు, అన్నీ రాయాలి. 'విఘాతము కలుగు అవకాశము' అని ఒక్క ముక్క రాస్తే ఆ కాయితం చెల్లకూడదు. జామీనుకి భూమి అడగడం ఆపాలి. ఊళ్లో బడిపంతులు నిలబడినా చాలనుకోవాలి. రాజస్థాన్‌లో ఒక పద్ధతుంది, నాకు నచ్చింది. మొదటిసారి 20 రోజులు, బుద్ధిగా తిరిగొస్తే రెండోసారి 30, ఆపైన 40. మాట నిలబెట్టుకున్న కొద్దీ మాట విలువ పెరుగుతుంది. పులికి అర్థమైన లెక్క ఇది.

బయటికి పంపడం ఒకెత్తు, బయట ఉన్నన్నాళ్లూ కనిపెట్టుకుని ఉండటం ఇంకో ఎత్తు. అన్నయ్య విషయంలో ఆ కనిపెట్టుకోవడమంతా ఒక వంద పేజీల నోటు పుస్తకం. రోజూ పొద్దున్నే స్టేషన్‌కి వెళ్లి సంతకం పెట్టాలి. మా ఊరికి పద్నాలుగు కిలోమీటర్లు. బండి మీద నేనే తీసుకెళ్లేవాణ్ణి. పుస్తకం స్టేషన్ రాతకోతలు చూసే రైటర్ బల్ల సొరుగులో ఉంటుంది, సొరుగు తాళం రైటర్ దగ్గర ఉంటుంది, రైటర్ ఎక్కడుంటాడో ఎవరికీ తెలీదు. "కోర్టు డ్యూటీకి పోయాడు, కూర్చోండి" అనేవాళ్లు. కూర్చునేవాళ్లం. ఒకరోజు పన్నెండున్నర దాకా కూర్చున్నాం. పురికొసతో కట్టిన పెన్ను, సిరా పారకపోతే నా పెన్ను. అన్నయ్య ఒక్కో అక్షరం చెక్కినట్టు సంతకం పెట్టేవాడు. ఆ పదిహేను రోజుల్లో ఎవరూ ఆయన్ని "ఎలా ఉన్నావయ్యా" అని అడగలేదు. పొలం ఏమైంది, పిల్లల చదువేంటి, తాగుతున్నావా, పాత గొడవలు కదుపుతున్నావా, ఒక్క ప్రశ్న కూడా లేదు.

అడగాల్సినవి చాలా ఉన్నాయి. పొలంలో మోటారు వేయడానికని అన్నయ్య పొద్దున్నే లేచి నడిచి వెళ్తే, ఈలోపు ఇంట్లో మంచం మీదనుంచే వాళ్లబ్బాయి ఫోన్ నొక్కి మోటారు ఆన్ చేశాడు. సెల్‌ఫోన్‌తో నడిచే స్టార్టర్ వచ్చిందని ఆయనకి తెలీదు. గట్టు మీద నిలబడి, తను ముట్టుకోకుండానే పైపులోంచి దూకుతున్న నీళ్లని చూస్తూ ఉండిపోయాడట. ఇంటికొచ్చి "నాతో పనేముందిరా ఇక్కడ" అన్నాడు. ఆ మాట విని నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. తిరిగి వెళ్లనంటాడేమోనని కాదు, తిరిగి వెళ్లిపోవడమే నయమనుకుంటాడేమోనని. ఇలాంటప్పుడు కూర్చోబెట్టి మాట్లాడటానికే 1958 నాటి చట్టం కింద ప్రొబేషన్ అధికారులున్నారు. చాలా జిల్లాల్లో వాళ్ల పనల్లా కాయితాల మీద విచారణ రిపోర్టులు రాయడం. పెరోల్ మీద వచ్చినవాణ్ణి వారానికోసారి ఇంటికెళ్లి చూసే బాధ్యత వాళ్లకిచ్చి, అందుకు తగినంతమందిని పెట్టి, స్టేషన్ పుస్తకాన్ని మూసేయమంటాను.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి పెరోల్ అంటే వేరే అర్థం. అక్కడ శిక్ష పూర్తికాకముందే వదిలి, మిగతా కాలమంతా బయట నిఘాలో ఉంచుతారు. అపాయింట్‌మెంట్ తప్పినా, రాత్రి ఇంటికి ఆలస్యంగా చేరినా మళ్లీ లోపలికి తోసేయొచ్చు. కొత్త నేరమేమీ అక్కర్లేదు. న్యూయార్క్ రాష్ట్రం 2021లో దీన్ని మార్చింది. ఇలాంటి చిన్న తప్పులకి జైలు చాలావరకు తగ్గించి, ముప్ఫై రోజులు సవ్యంగా ఉంటే నిఘా కాలంలోంచి ముప్ఫై రోజులు కొట్టేసేలా చట్టం చేసింది. మన దగ్గర ఇప్పుడు అందరి కళ్లూ కాలి ట్రాకర్ మీద ఉన్నాయి. మనిషి ఎక్కడున్నాడో అది చెబుతుంది, ఎలా ఉన్నాడో చెప్పదు. బెయిల్ మీద ఉన్నవాణ్ణి గూగుల్ మ్యాప్‌లో నిత్యం పోలీసులకి కనబడేలా పిన్ పెట్టుకోమనడం చెల్లదని సుప్రీంకోర్టు 2024 జులైలో చెప్పింది. అది బెయిలు, ఇది శిక్ష, రెండూ ఒకటి కాదు. అయినా ట్రాకర్ కొనే ముందు ఒక్కసారి ఆ తీర్పు చదువుకుంటే మంచిది.

ఇంతా రాసి పిన్ని గురించి రాయకపోతే నేను అబద్ధమాడినట్టే. పిన్ని అంటే చనిపోయిన బాబాయి భార్య. మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉంటుంది. 2017లో అన్నయ్య బస్సు దిగినప్పుడు ఆవిడ కిరాణా కొట్టు దగ్గర నిలబడి ఉంది. తన మొగుణ్ణి చంపిన మనిషి సంచీ పట్టుకుని ఎదురుగా నడిచొస్తున్నాడు. ఆవిడకి ఎవరూ చెప్పలేదు. కొన్న చక్కెర పొట్లం బల్ల మీదే వదిలేసి ఇంటికెళ్లి తలుపులేసుకుంది. పదిహేను రోజులు కుళాయి దగ్గరికి కూడా రాలేదు. వాళ్లబ్బాయికప్పుడు ఇరవయ్యేళ్లు. మా వీధిలోకొచ్చి ఒకసారి నిలబడి, చూసి, వెళ్లిపోయాడు. అంటే ఆ స్టేషన్ వాక్యంలో అసలు నిజమే లేదని నేను అనలేను. ఉంది. దాన్ని కనుక్కోవాలంటే పిన్నిని అడగాలి. అడగకుండా రాశారు, అడగకుండానే కొట్టేశారు.

నిందితుడికి బెయిలిచ్చేటప్పుడు బాధితుల మాట వినాలని 2022లో లఖీంపూర్ ఖేరీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పెరోల్‌కీ అది ఉండాలి. వద్దంటే ఆపేసే వీటో కాదు, అది ఇస్తే పగే చట్టమవుతుంది. ముందుగా కబురు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ వీధిలోకి రాకూడదు, ఏదైనా జరిగితే ఏ నంబరుకి ఫోన్ చేయాలి, ఈ నాలుగూ ఆవిడ చేతికి కాయితం మీద అందాలి.

2019లో కూతురి పెళ్లికి అన్నయ్యకి ముప్ఫై రోజులొచ్చాయి. ఈసారి నేనే వారం ముందు వెళ్లి పిన్నికి చెప్పాను. ఆవిడ చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తకుండా "నువ్వు చెప్పాల్సిన పనా ఇది?" అంది. కాసేపాగి, "ఎన్నాళ్లు?" అంది. చెప్పాను. ఆ నెలంతా వాళ్ల అమ్మాయి దగ్గరికి వెళ్లి ఉంది. 2022లో ఇంకో పదిహేను రోజులకి కూడా అంతే. మూడుసార్లూ అన్నయ్య ముందు రోజే బయల్దేరి, గడువు వేళకి జైలు గేటు దగ్గర నిలబడ్డాడు. ఎందుకంటే బస్సు చెడిపోతే నా పొలం పోతుందని.

ఈమధ్య ములాఖత్‌కి వెళ్లాను. 14 ఏళ్లు నిండాయి, ఇక ముందస్తు విడుదల ఫైలు కదులుతుందని ఆశగా ఉన్నాం. పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టంలో 433-ఎ సెక్షన్, దాని స్థానంలో వచ్చిన కొత్త సంహితలో 475, ఏదైనా ఆ 14 ఏళ్లు దాటాల్సిందే. గవర్నర్ క్షమాభిక్ష దారి వేరే ఉంది గానీ ఆ దారిలో మాకెవరూ తెలీదు. అన్నయ్య జాలీ అవతల కూర్చుని, ఆఫీసులో లెక్క చెప్పారన్నాడు. మూడు పెరోళ్లవీ కలిపి అరవై రోజులు తీసేశారట, అవి నిండాకే ఫైలట. నేను మూడో జామీనుకి సంతకం పెట్టినప్పుడు దాచుకున్న కాయితాలు తెచ్చాను, తేదీలు సరిచూశాం. లెక్కలో తప్పేం లేదు.

"స్టేషన్‌లో రైటర్ కోసం బెంచీ మీద కూర్చున్న పూటలు కూడా ఆ అరవైలోవేనా?" అని అడిగాడు.

అవునన్నాను.